పచ్చిపులుసు పోసిన నాడు

“పచ్చిపులుసు పోసిన పిల్లవు నువ్వే గదనే?” అని అడిగింది మా మేనత్త, పోయిన ఏడాది నల్గొండ దవాఖానలో. “నేనే అత్తా, ఇంకో గరిటె పొయ్యనా?” అన్నాను. పకపకా నవ్వింది. మా ఇద్దరి చివరి మాటలు అవే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తున్నది. రాసుకోవే బిడ్డా.

నా చిన్నప్పుడు, ఎనిమిదేండ్లుంటాయేమో, మా మేనత్త పెండ్లయిన ఆరు నెలలకే పుట్టింటికి వచ్చేసింది. వారం తిరక్కుండా ఆమెను తీసుకుపోవడానికి ఆమె మామ దిగాడు.

“నా కొడుకు కొట్టిండా? తిండికి తక్కువ చేసిండా?” అని అడిగాడు.

అత్త నేల చూస్తూ ఒక్కటే చెప్పింది. “వద్దన్నా ఆగడు. ఏడ్చినా ఆగడు.”

ఆయన నవ్వేశాడు. “మొగడైనంక గట్లనే ఉంటడు. ఆడది వద్దంటే వద్దనా? బట్టలు సదురుకో.”

అత్తకు తోడబుట్టిన మా బాపు తల వంచుకున్నాడు. అత్త మూట కట్టుకోవడానికి లేచింది.

అత్తను కన్న మా అవ్వ మాత్రం “తిని పోదురు గని అన్నా” అని విస్తరి వేసింది. నా చేతికి పచ్చిపులుసు గిన్నె ఇచ్చి, “నేను ఆగుమనేదాంక పోస్తనే ఉండు” అని చెవిలో చెప్పింది.

మా దిక్కు చుట్టం వద్దంటే ఎవరూ నమ్మరు, ఇంకో గరిటె పోస్తారు. అందుకే ఆయన మొదట మురిసిపోయాడు. మూడోసారి గట్టిగా వద్దన్నాడు. పోశాను. రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాడు. అవ్వ వైపు చూశాను, కళ్లతోనే పొయ్యమంది. చేతుల మీదనే పోశాను! పులుసు మోచేతుల దాకా కారింది, ధోతి తడిసింది, ఉల్లిగడ్డ ముక్కలు ఒడిలో పడ్డాయి.

“వద్దంటుంటే ఇనవడ్తలేదా పోరీ!” అని అరుస్తూ లేచాడు.

“పులుసుకే గింత కోపమొచ్చె గదా అన్నా,” అన్నది అవ్వ. “నా బిడ్డ చేతులు అడ్డం పెడితే మీ కొడుక్కు ఇనవడలేదా?”

ఆయన తడిసిన ధోతి దులుపుకున్నాడు. చేతులు కూడా కడగకుండా చెప్పులేసుకున్నాడు. బాపు తల ఎత్తి, అత్త చేతిలోని మూట తీసుకుని లోపల పెట్టాడు. అత్త మళ్లీ అత్తగారింటి గడప తొక్కలేదు. మగ్గం నేసుకుని రాణిలా బతికింది.

నా కాపురంలోనూ అదే జరిగింది. కొట్టడం లేదు కదా, ఇదేం బాధ అనుకున్నాను ఏండ్ల తరబడి. ఒకనాడు నా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉన్నానని నాకే కనబడింది. ఆ పులుసు గుర్తొచ్చింది! తెల్లారగానే అత్త ఇంటికి బస్సెక్కాను. నా పెనిమిటి పోయాక లోకం నన్ను విధవ అన్నది గానీ, నేను అంతకు చాలా ముందే బయటపడ్డదాన్ని.

ఇప్పటికీ నా ఇంట్లో ఎవరు వద్దన్నా గరిటె వెనక్కి తీస్తాను. చుట్టాలు పిసినారి అంటారు. అననీ!

“వద్దు” అన్నచోటల్లా లావుగా రాశావా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు బిడ్డా.