వడియాలు ఎండేదాకా

ఆ రోజుల్లో ఇల్లంటే నాకు ఒకటే లెక్క, ఆఫీసుకి నడిచి వెళ్లగలగాలి. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పాను (రెండోసారి పరీక్ష పెట్టినాయన మధ్యలోనే దిగి నడిచి వెళ్లిపోయాడు). అందుకని షికాగో నడిబొడ్డున, బూడిదరంగు కాంక్రీటు బిల్డింగుల సముదాయంలో తొమ్మిదో అంతస్తులో ఒంటిగది ఫ్లాటు తీసుకున్నాను. దానికి బయట రంగు లేదు, లోపల ప్లాస్టరింగ్ లేదు. క్యాలెండర్ తగిలిద్దామని గోడకి మేకు కొడితే మేకే వంగింది. వీడియో కాల్‌లో చూసిన మా అక్క, "పని పూర్తి కాకుండానే ఎలా దిగావే? బిల్డర్ పారిపోయాడా?" అని అడిగింది. కట్టి నలభై ఏళ్లయిందని చెబితే ఇంకా భయపడింది.

అక్కావాళ్లది షికాగో శివారు అరోరాలో పచ్చిక ముంగిలి ఉన్న నాలుగు బెడ్‌రూముల ఇల్లు. బావ నా ఫ్లాటుని గోడౌన్ అనేవాడు, ఫోన్ చేసినప్పుడల్లా స్టాకు ఎలా ఉందని అడిగేవాడు. మొదటి ఏడాది లీజు అయిపోవచ్చేసరికి, నేను వాళ్ల బేస్‌మెంట్‌లోకి మారాలని అక్క తీర్మానించేసింది. సోమవారం సాయంత్రం ఐదులోగా నేను కొత్త లీజు కాగితం మీద సంతకం పెట్టకపోతే ఫ్లాటు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. నాకేమో ప్రాణమంతా అక్కడే ఉంది. కిటికీలోంచి నది, కిందకి దిగితే కూరగాయల కొట్టు, లిఫ్టులో రోజూ పలకరించే ముఖాలు. కానీ చిన్నప్పుడు నాకు జడలు వేసి బడికి పంపిన మనిషికి ఎదురు చెప్పడం నాకు ఈ రోజుకీ రాదు. అందుకే శనివారం వ్యాన్ తీసుకుని వస్తున్నామని ఫోన్ చేస్తే, బుద్ధిగా సరేనని, ఒక్క మాట మాత్రం కలిపాను.

"అక్కా, వచ్చేటప్పుడు సగ్గుబియ్యం వడియాల పిండి కాచి తీసుకురా. ఇక్కడ ఎండ భలేగా ఉంది."

అక్క బలహీనత నాకు తెలుసు. కిందటి ఏడాది ఆవిడ పచ్చికలో చీర పరిచి వడియాలు పెడితే సగం ఉడతలు తిన్నాయి, మిగతా సగానికి కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటినుంచీ ఆ బాధ మనసులో ఉండిపోయింది.

మా బిల్డింగుకి నాలుగో అంతస్తులో అందరికీ కలిపి ఒక పెద్ద కాంక్రీటు డాబా ఉండేది. జూలై ఎండకి పదింటికే కాళ్లు కాలేవి. అక్క చెప్పులు విడిచి అడుగు పెట్టి, ఒక్క గెంతు గెంతి, ఆ బిల్డింగులో మొదటిసారి నవ్వింది. రెండు నూలుచీరలు తడిపి పరిచి, గరిటెతో వరసలు వరసలుగా పెట్టేశాం. ఆఖరి వడియం పెట్టాక ఆవిడకి గుర్తొచ్చింది, అవి ఎండడానికి మూడు రోజులు పడుతుందని. (నాకు ముందే గుర్తుంది.) పచ్చి వడియాలని వ్యాన్‌లో ఎక్కించలేరు, వదిలి వెళ్లనూ లేరు, అక్క ఉండిపోయింది. బావ ఖాళీ వ్యాన్‌తో అరోరా వెళ్తూ, ఇప్పుడు గోడౌన్‌కి స్టాకు వచ్చిందన్నాడు.

పావురాల కాపలాకి మా అంతస్తులో ఉండే ముసలావిడ వచ్చింది. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉంటుందని నేను ఆవిణ్ని గొడుగు మామ్మ అనేదాన్ని. బిల్డింగు తెరిచిన ఏడాది నుంచీ అక్కడే ఉంది. ఇన్నేళ్లయినా ప్లాస్టరింగ్ ఎందుకు చేయించలేదని అక్క ఆవిణ్నే నిలదీసింది. మామ్మ అక్క చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టింది. కాంక్రీటు పోసినప్పుడు అడ్డం పెట్టిన చెక్కల చారలు, చెక్కలోని ముడులతో సహా, గోడలో అచ్చుపడి ఉన్నాయి. ప్లాస్టరింగ్ చేస్తే ఇవి కనిపించవుగా అంది. అక్క చాలాసేపు గోడ తడుముతూ నిలబడింది. ఏడాదిగా ఉంటున్నా, నేను ఆ చారలు చూడనేలేదు.

ఆదివారం బిల్డింగులు చూసే టూరువాళ్లు వచ్చారు. గైడు నిర్మాణం గొప్పతనం చెబుతుంటే అందరూ వడియాలని ఫోటోలు తీసుకున్నారు. ఇదేదో కళాఖండమా అని ఒకాయన అడిగితే, అక్క ఏమాత్రం తడుముకోకుండా అవునంది. తర్వాత గోడ చారల గురించి గైడుకి కూడా వివరించింది.

సోమవారం సెలవు పెట్టాను. నాలుగున్నరకి అక్క ఒక వడియం తీసి విరిచింది. ఫెళ్లుమంది. వడియాలు ఎండిపోయాయి. ఇక సామాను సర్దడమే. అక్క రెండు ముక్కలనీ చూసి, నావైపు చూసి, మెల్లగా చీర మీద పెట్టేసింది.

"ఇంకా ఎండలేదే. ఆ కాగితం ఎక్కడుంది? వెళ్లి సంతకం పెట్టిరా, ఐదవుతోంది."

మెట్ల మీద పరుగెత్తుతూ ఏడ్చాను కూడా (లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు).

ఇప్పుడు నేనూ అరోరాలోనే ఉంటున్నాను, నాలుగోసారి టెస్టు పాసై. నాకో ఇల్లు, దానికో పచ్చిక, దాన్ని కోస్తూ శనివారాలు. పిల్లలు కాలేజీలకి వెళ్లాక అక్కా బావా ఇల్లమ్మేసి ఆ కాంక్రీటు బిల్డింగులోనే పదకొండో అంతస్తుకి మారారు. బావ ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ గోడ చారలు చూపిస్తాడు. నేను ఏటా జూలైలో పిండి కాచుకుని వెళ్తాను. ఆ వేడి కాంక్రీటు మీద అడుగు పెట్టగానే, అక్క నోటికి జడిసి పిండి అడ్డం పెట్టుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పోయిన వేసవిలో బ్యాగు దించగానే ఎన్నాళ్లుంటావే అని అడిగింది అక్క.

వడియాలు ఎండేదాకా అన్నాను. అయితే ఈసారి వడియాలు కాస్త మందంగా పెట్టాల్సిందే, తొందరగా ఎండవు, అంది.