చెడింది చెప్పనోడికి చాయ్ లేదు

డెబ్బయ్యో దశకం చివరి ఏళ్లు. అప్పటికింకా మండలాలు రాలేదు, సమితులే ఉండేవి. ఆ సమితుల్లో చిన్న పరిశ్రమల పని చూసే ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్లం మేము. పేరు పెద్దది, పని చెప్పులరగడం. మగ్గాలు నేసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు, ఊళ్లో ఎవరి చేతిలో పనుంటే వాళ్లకు బతుకుతెరువు పెరిగే దారి చూపించాలి. దారి మాకే సరిగ్గా తెలియదన్నది వేరే సంగతి.

నెలకొకసారి వరంగల్‌లో సమీక్ష జరిగేది. మేడ మీది హాల్లో మేం చదివే కాగితాల్లో అంతా పచ్చగా కనిపించేది. ఎవరి ఊళ్లోనూ మగ్గం ఆగేది కాదు, ఎవరి కుండా పగిలేది కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదన్నమాట. అది నిజం కాదని పై అధికారికి తెలుసు, ఆయనకు తెలుసని మాకూ తెలుసు. అందుకని ఎవరికీ కష్టం కలగకుండా మధ్యాహ్నానికల్లా మీటింగ్ ముగిసేది.

అసలు మీటింగ్ ఆ తర్వాత కింద సందులో ఉన్న హోటల్లో. అయిదుగురం కూర్చునేవాళ్లం. పేర్లతో పని లేదు, ఎవరిది ఏ సమితైతే అదే వాడి పేరు. నేను నెక్కొండ వైపు చూసేవాణ్ణి కాబట్టి నేను నెక్కొండ. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నెమ్మదస్తుడు ఒకడు, వాడు వర్ధన్నపేట. ములుగు నుంచి మేడారం అడవుల దాకా కాలినడకన తిరిగిన పెద్దమనిషిని మాత్రం ములుగు అని పిలిచే ధైర్యం మాకు లేదు, పెద్దన్నా అనేవాళ్లం. మిగతా ఇద్దరూ కబుర్లరాయుళ్లు.

అక్కడ నియమం పెద్దన్నది. పైన చదివింది కింద చదవకూడదు. ఆ నెలలో నువ్వు చేసిన పనుల్లో చెడిపోయింది ఒకటి చెప్పాలి. చెడింది చెప్పనోడికి చాయ్ లేదు, కప్పు బోర్లించుకుని మిగతావాళ్లు తాగుతుంటే చూస్తూ కూర్చోవాలి. మొదట్లో ఇది వేళాకోళమే అనుకున్నాను. కానీ ఒకసారి కబుర్లరాయుళ్లలో ఒకడు, కుండలు చేసేవాళ్లకు పట్నం నుంచి కరెంటుతో తిరిగే కొత్త సారె తెప్పించి, తీరా బిగించాక గానీ ఆ ఊళ్లో కరెంటు స్తంభాలే ఉన్నాయి, కరెంటు లేదని గమనించలేదని చెప్పాడు. కడుపుబ్బ నవ్వాం. సరిగ్గా అలాంటి సారె కోసమే నేను రాసిన అర్జీ అప్పటికి నా సంచిలో ఉంది. నవ్వుతూనే దాన్ని మడిచి లోపలికి తోశాను. ఏ శిక్షణ తరగతిలోనూ నేర్వనిది ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను. వానాకాలం కొట్టిన వెదురుతో అల్లిన బుట్టకు పురుగు పడుతుందని పెద్దన్న చెప్పింది కూడా ఆయన పోగొట్టుకున్న ఒక బండెడు బుట్టల కథలోనే.

ఒక ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో పెద్దన్న నియమాన్ని కాస్త సడలించాడు. బాగుపడ్డ పని ఏదైనా ఉంటే అదీ చెప్పండి, అయితే దాంట్లో చెడిన ముక్కతో సహా చెప్పాలన్నాడు. నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది.

మా వైపు ఒక ఊళ్లో జంపఖానాలు నేసే ఇళ్లు పది దాకా ఉండేవి. వాళ్లు అద్దే ఎరుపు రెండు ఉతుకులకే దిగిపోయేది. హన్మకొండ దుకాణంలో దొరికే కొత్త ప్యాకెట్ రంగు తెచ్చి, కొలతలు మార్చి మార్చి చూసి, ఎంత ఉతికినా కారని ఎరుపు పట్టించాను. నిజంగానే పట్టింది. ఇదంతా బల్ల దగ్గర చెప్పాను. వర్ధన్నపేట నోట్‌బుక్ తీసి నీళ్లెన్ని, సోడా ఎంత, ఉప్పు ఎప్పుడు వేయాలి అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. ఆ బల్ల దగ్గర నా మాట కోసం ఒకరు నోట్‌బుక్ తీయడం అదే మొదటిసారి. నాకు కడుపు నిండిపోయింది.

చెడిన ముక్కేదని పెద్దన్న అడిగాడు. మొదటి వాయి ఎక్కువ మరిగిందని ఏదో చిన్నది చెప్పాను. నిజానికి చెడింది అది కాదు. ఆ మొదటి వాయి తర్వాత పదిహేను రోజులకే అదే ఊళ్లో, అవే చేతులతో, అదే కొలతతో అద్దిన రెండో వాయి మరకలు మరకలుగా వచ్చింది, తడి గుడ్డతో రుద్దితే రంగంతా గుడ్డకే అంటింది. ఎందుకో నాకు అంతు పట్టలేదు. అంతు పట్టనిది చెబితే ఆ నోట్‌బుక్ మూసేస్తాడేమోనని చెప్పలేదు. చాయ్ మాత్రం అందరితో పాటు తాగాను.

మూడు వారాలకు వర్ధన్నపేట నుంచి కార్డు వచ్చింది. తన ఊళ్లో ఒక నేతపని ఇల్లు ఉందట. మొగుడికి చూపు మందగించింది, ఇల్లంతా ఆవిడ చేతి మీదే నడుస్తోంది. ఇన్నాళ్లూ షావుకారు మగ్గం మీద కూలికి నేసినవాళ్లకు మొదటిసారి సొసైటీ ఆవిడ పేరు మీదే నూలు ఇచ్చింది, ఒక హాస్టల్‌కు జంపఖానాలు నేసి ఇవ్వాలి. ఇవి కుదిరితే ముందు ముందు కూడా నూలు ఆవిడ పేరు మీదే వస్తుంది, కుదరకపోతే మళ్లీ షావుకారు గడపే గతి. శుక్రవారం నుంచి ఎర్ర నూలంతా అద్దడం మొదలు, నీ పద్ధతే అన్నా, అంతా నీ పుణ్యమే అని రాశాడు.

ఆ కార్డు నాకు చేరింది శనివారం.

తేలు కుట్టిన దొంగలా ఆ రోజంతా ఆఫీసులో కూర్చున్నాను. అక్కడ బాగానే పట్టవచ్చు కదా అని ఒక మనసు. పట్టకపోతే అని ఇంకో మనసు. అంతకన్నా సిగ్గుమాలిన ఆలోచన కూడా ఒకటి వచ్చింది: చెడితే కొలతలు తనే తప్పు రాసుకున్నాననుకుంటాడు, నా మీదికి రాదు. ఆ ఆలోచన నాది కాదని ఇప్పుడు చెప్పుకోలేను. అదే నన్ను ఆదివారం పొద్దున్నే రైలెక్కించింది కూడా. వరంగల్‌లో దిగి ఖమ్మం బస్సెక్కి వర్ధన్నపేటలో దిగాను, అక్కడ సైకిల్ అద్దెకు తీసుకున్నాను. ఎదురుగాలికి తొక్కుతూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు.

వాకిట్లోకి వెళ్లేసరికి దండేల మీద నూలు చుట్టలు, చిలపలంటారు వాటిని, ఆరుతున్నాయి. దగ్గరికి పోకుండానే తెలిసింది. ఒకచోట ఎరుపు, ఒకచోట గులాబీ, ఒకచోట అసలు రంగే లేదు. మూడో వంతు నూలు అప్పటికే అద్దేశారు. గూనలో ఇంకా నీళ్లు మరుగుతున్నాయి. వర్ధన్నపేట గొంతుక్కూర్చుని నోట్‌బుక్ ముందేసుకుని నా కొలతలు కూడుకుంటున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

"మంచిగొచ్చినవ్ అన్న. నేనే సోడా తప్పు రాసుకున్నట్టున్న. జర చూడు."

నోట్‌బుక్ తీసుకున్నాను. ఒక్క అంకె కూడా తప్పు లేదు. పొయ్యి ఆపమన్నాను. ఆ ఇంటావిడ, నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా ఎరుపు, పుల్లలు వెనక్కి లాగి నిలబడింది. ఇద్దరి ముందే చెప్పాను, మా ఊళ్లో రెండో వాయి ఇలాగే చెడిందని, నాకు తెలుసని, తెలిసీ చెప్పలేదని. వర్ధన్నపేట నా చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మాట్లాడింది ఆవిడే.

"మీ కాడ మొదటి వాయి, రెండో వాయి, రెండు ఒక్క బాయి నీళ్లేనా సారు?"

ఆలోచించాను. కాదు. మొదటిసారి ఊరి నడుమ బావి. ఎండలకు అది అడుగంటడంతో రెండోసారి ఊరవతల మెట్ట చెలక పక్కన బావి నుంచి తెచ్చారు. ఆ మాటే చెప్పాను.

"ఆ రెండో బాయి నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?"

తెలియదన్నాను.

"మా ఇంటెన్క బాయిల ఉడకది. పొద్దటి సంది పొయ్యి మీద పెట్టినా కందిపప్పు గింజలు గింజలే ఉంటది. తాగుతె గూడ చప్పగనే ఉంటయ్. ఈ నీళ్లకు రంగు పడుతదా అని నాకు మొన్ననే అనుమానం. అయితె ఈ సారు కాయితం మీద రాసుకొచ్చిండు గద, మీరందరు కూసొని ఆలోచన చేసే రాసిన్రు అనుకున్న." మళ్లీ అంది, కోపమేమీ లేకుండానే. "మీ అయిదుగురు సార్లు నెలనెల ఒకర్నొకరు మస్తు అడుగుకుంటరట. మమ్మల్ని గూడ ఒక మాట అడిగితె ఏం పోయేది?"

ఇన్నేళ్లు మేం ఒకరి తప్పు ఒకరికి చెప్పుకుని తెలివిమంతులమైపోయామనుకున్నాం. ఆ తప్పు ఎవరింట్లో జరిగిందో ఆ మనుషుల్ని మాత్రం హోటల్ బల్ల దాకా రానివ్వలేదు.

తర్వాత జరిగినదంతా ఆవిడ చెప్పినట్టే. ఊరి చివర మంచినీళ్ల బావిలో పప్పు మెత్తగా ఉడుకుతుందట. వర్ధన్నపేట ఒక ఎడ్లబండి, రెండు డ్రమ్ములు మాట్లాడుకొచ్చాడు. నేను రెండు రోజులు సెలవు రాసి పంపి నీళ్లు తోడాను. చేతులు బొబ్బలెక్కాయి, అంతకు మించి చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ నీళ్లతో అద్దిన ఎరుపు రుద్దినా పోలేదు. చెడిన చిలపల్ని ఏం చేయాలని మేం తర్జనభర్జన పడుతుంటే ఆవిడ వాటిని నల్లరంగులో ముంచి తీసింది. జంపఖానాకు ఎర్ర నేల, నల్లటి పట్టీలు. హాస్టల్ వాళ్లకు ఆ పట్టీలే నచ్చాయి. బడులు తెరిచే వేళకు జంపఖానాలు చేరాయి, ఆ ఏడంతా నూలు కూడా ఆవిడ పేరు మీదే వచ్చింది.

తర్వాతి నెల హోటల్లో నేనే ముందు మొదలుపెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, చాయ్ తాగిన సంగతితో సహా. వర్ధన్నపేట బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. పెద్దన్న నీతులు చెప్పే మనిషి కాదు. నా కప్పు బోర్లించాడు, అంతే. నాకది న్యాయంగానే అనిపించింది. తర్వాత ఆయన ఒక్కటే అడిగాడు, మనలో ఎవరి ఊళ్లలో ఏ బావిలో పప్పు ఉడుకుతుందో ఎవరికైనా తెలుసా అని. అయిదుగురిలో ఒక్కరికీ తెలియదు. ఆయనతో సహా. పై నెల అందరూ తెలుసుకుని రావాలని, అది కూడా ఆఫీసులో కాదు, వంటపొయ్యి దగ్గర అడిగి రావాలని అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పొయ్యి దగ్గరుంది. బావుల సంగతి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక, చెప్పులు విప్పుతూనే, మన బావి నీళ్లలో పప్పు ఉడుకుతుందా అని అడిగాను. ఆమె తలెత్తి, నాకేమైనా జ్వరమొచ్చిందా అన్నట్టు చూసింది.

"మన బాయిలనా? ఎక్కడిది. స్టేషన్ కాడి పంపు నీళ్లు తెస్తాన గద, ఈ ఇంట్లకొచ్చినప్పటి సంది. పొద్దుగాల మీరు లేవకముందే రెండు బిందెలు."

నాకు చెప్పలేదేమని అడగబోయి ఊరుకున్నాను. ఆ ఇంట్లోకి వచ్చి మూడేళ్లు. మూడేళ్లూ ఆ పంపు పక్కనుంచే నడిచి నేను రైలెక్కాను.