ఖాళీ షెడ్డును చూసొచ్చిన మెంబరమ్మ

మా మెంబరమ్మ పోయారని మొన్న మంగళవారం శంషాబాద్‌లో బస్సు దిగగానే తెలిసింది. ఆకుకూరల గంప దించుకుంటున్న ఒకావిడ నన్ను చూసి, "మెంబరమ్మ పాయె గదా మేడం, మీకు ఎర్క లేదా?" అంది. అప్పటికే రెండు రోజులైందట. నేను సెలవు పెట్టి గుంటూరు వైపు మా పుట్టింటికి వెళ్లాను. చివరి చూపు దక్కలేదు.

నేను ఇక్కడి గ్రామపంచాయతీలో గుమాస్తాను. సమావేశాల్లో తీర్మానాలు రాయడం నా పని. ఆవిడ ఆడవాళ్లకు కేటాయించిన వార్డు నుంచి గెలిచారు. చదువు లేదు, సంతకం వరకు నేర్చుకున్నారు. గెలిచిన ఆడవాళ్లలో కొందరి బదులు భర్తలు వచ్చి కూర్చునేవారు. ఈవిడ మాత్రం తానే వచ్చేవారు. రాసింది చదివి వినిపిస్తే తప్ప సంతకం పెట్టేవారు కాదు. "'యథావిధిగా' అంటే ఏంది బిడ్డా?" అని ఒకసారి అడిగారు. చెప్పబోతే, నాకే సరిగ్గా తెలియదని అర్థమైంది.

ఏది చూసినా అడగాల్సిందే. వీధిదీపం బాగుచేసే మనిషి స్తంభం దిగేదాకా కింద ఆగి, తీగ లోపల ఏముంటుందని అడిగేవారు. బోరు వేస్తుంటే పొద్దంతా నిలబడి, పైకొచ్చే మట్టి రంగు ఎప్పుడెప్పుడు మారుతుందో చూసేవారు. "తెల్వకుంటె అడుగుతం. అండ్ల సిగ్గేమున్నది?" అనేవారు.

ఆ రోజుల్లో బస్సులు ఆగే చోట పంచాయతీకి ఒక పాత పెంకుల షెడ్డు ఉండేది. సిమెంటు, ఇనుము పెట్టుకోవడానికి దాన్ని మొత్తం పదేళ్లకు తీసుకుంటానని ఒక వ్యాపారి అడిగాడు. ఆ కిరాయితో మెంబరమ్మ వాళ్ల గల్లీలో మురుగునీళ్లు పోయే మోరీ కట్టించాలని సర్పంచ్ ఆలోచన. ఆయన మంచి మనిషి. షెడ్డు ఖాళీగానే ఉంది కదా అని అందరూ సరేనన్నారు. నేను తీర్మానం రాయడం కూడా మొదలుపెట్టాను.

"షెడ్డు ఖాళీగ ఉన్నదంటున్రు. ఎవ్వరన్న పోయి సూసిండ్రా?" అని మెంబరమ్మ అడిగారు. ఎవరూ చూడలేదు. వారం గడువు కావాలన్నారు.

మరునాడు మధ్యాహ్నం నేను అటు వెళితే ఆవిడ షెడ్డులోనే ఉన్నారు. పొద్దున్నే సద్ది కట్టుకొని వచ్చారట. "కూసో బిడ్డా. నేను చెప్త, నువ్వు రాయి" అన్నారు. మహేశ్వరం నుంచి టమాటాల గంపలతో వచ్చి పట్నం బస్సు కోసం చూసేవాళ్లు. దవాఖాన నుంచి కంటికి కట్టుతో తిరిగొచ్చిన ముసలాయన. హిమాయత్ సాగర్ వైపు వెళ్లాల్సిన ఒక బాలింత, గోడ వైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది.

"ఈడ గాకుంటె యాడ కూసుంటవమ్మా?" అని మెంబరమ్మ ఆమెను అడిగారు.

"కూసునుడు యాడిది? ఎండలనే నిలవడ్త" అందామె.

తర్వాతి సమావేశంలో ఆ కాగితం నాతో చదివించారు. సర్పంచ్ అంతా విని, మెల్లగా అన్నారు: "అక్కా, కిరాయి తక్కువొస్తె మీ గల్లీ మోరీనే ఆగుతది. జర సోంచాయించు."

ఆవిడ నా చేతిలోని కాగితం వైపు చూశారు. "ఎనక సగం కిరాయికియ్యుండ్రి. ముంగటి సగం జనానికి ఇడువుండ్రి. పదేండ్లు గాదు, మూడేండ్లే. మోరీ ఆగితె ఆగనియ్" అన్నారు. చాలా వాదన జరిగింది. చివరికి తీర్మానం అలాగే రాశాను.

ఆ వానాకాలం గల్లీలో నీళ్లు నిలిచి ఇళ్లల్లోకి వచ్చాయి. పక్కింటివాళ్లు ఆవిడతో మాట మానేశారు. నేను వెళ్లేసరికి గడప దగ్గర కూర్చుని గిన్నెతో నీళ్లు తోడిపోస్తున్నారు.

"బాధగా లేదా అమ్మా?" అన్నాను.

"ఎందుకుండదు బిడ్డా? ఉన్నది" అన్నారు, చెయ్యి ఆపకుండా.

మూడేళ్లు తిరిగేసరికి ఇక్కడ విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టింది. స్థలాలన్నీ ప్రియమయ్యాయి. వెనక సగాన్ని మళ్లీ కిరాయికిస్తే, మునుపు ఆ వ్యాపారి షెడ్డు మొత్తానికి ఇస్తానన్నదానికంటే ఎక్కువే వచ్చింది. మోరీ కట్టారు. పక్కింటివాళ్లు మళ్లీ పలకరించారు. ఇలా అవుతుందని ముందే తెలుసా అని నేనడిగితే, "నాకెట్ల ఎర్కయితది? పదేండ్లంటె భయమైంది, గంతె" అన్నారు.

నేను ఆవిడను చివరిసారి చూసింది ఊరి బయట, కంది చేల దగ్గర. భూమి కొలిచేవాళ్లు మూడు కాళ్ల మీద దుర్భిణి నిలబెట్టి పని చేస్తున్నారు. ఒక్కసారి చూస్తానని ఆవిడ అడిగారు. వాళ్లు నవ్వి పక్కకు జరిగారు. కొంగు నడుముకు దోపి, ఒక కన్ను అరచేత్తో మూసుకొని వంగారు.

"మేకలు తలకిందులుగ మేస్తున్నయ్ బిడ్డా" అన్నారు.

అద్దం అలాగే చూపిస్తుందని కొలిచే అతను చెప్పాడు. ఎందుకట్ల అని అడిగారే గాని, తల ఎత్తలేదు. కొలత గొలుసు పట్టుకున్న మనిషి చేనులో ఎదురుచూస్తున్నాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉన్నారు.