మొసలి నోట్లో రాకుమారుడు, పార్శిల్లో ఎడమ చెప్పు

మీలో ఎవరైనా పాత పుస్తకాలు పార్శిల్ చేసే ఆలోచనలో ఉంటే ముందు నా సంగతి వినండి. పన్నెండంటే పన్నెండు బొమ్మల కథల పుస్తకాల్ని ఫిల్మ్‌నగర్ నుంచి తణుకు పంపడంలో మనిషన్నవాడు ఎంత దూరం చెడగొట్టగలడో, అంత దూరమూ నేను వెళ్ళొచ్చాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమాకి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుని. థర్మాకోల్‌తో రాతికోటలు, అట్టముక్కలతో ఇనుప తలుపులు తయారుచేయడం మా పని. రహమత్‌నగర్‌లో నా అద్దెగదిలో నేను పడుకుంటే సామానుకి చోటుండేది కాదు. అందుకని మా మేనమామ చిన్నప్పుడు కొనుక్కున్న బొమ్మల కథల పుస్తకాలు అమ్ముతానని ఆన్‌లైన్‌లో పెట్టాను. మర్నాడే తణుకు నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన సూర్యనారాయణ గారు, రిటైరైన లెక్కల మాస్టారు.

"బాబూ, ఆ సముద్రాల రాకుమారుడి కథ పన్నెండో భాగం మీ దగ్గరుందాండీ?"

"పన్నెండూ ఉన్నాయండి."

అటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"పదకొండో భాగం చివర ఆ కుర్రాడు మొసలి నోట్లో ఉంటాడండి. పన్నెండోది మా ఊరికి రాలేదు. నలభై ఐదేళ్ళుగా ఆ నోట్లోనే ఉన్నాడు పాపం. ఎలా బయటపడ్డాడో మీరు మాత్రం చెప్పకండి, నేనే చదువుకోవాలి. మూలలు నలక్కుండా పంపండి చాలు."

చెప్పడానికి నాకు తెలిస్తే కదా. చిన్నప్పుడు బొమ్మలు చూశానే తప్ప ఒక్క అక్షరం చదివితే ఒట్టు. ఆ ముక్క ఆయనతో అనలేదు.

"మాస్టారూ, మేం కోటలు కట్టేవాళ్ళం. నాకొదిలేయండి," అన్నాను.

సెట్లో పెయింటర్ యాదగిరన్న ఉండేవాడు, బోరబండ మనిషి. సంగతి విని, "అట్టపెట్టె తీస్కో, లోపట పేపర్లు కుక్కు, టేప్ కొట్టు. గంతే. దీనికింత ఆలోచనేంది తమ్మీ?" అన్నాడు.

"అట్టపెట్టెనెవరు గౌరవిస్తారన్నా? ఇనుప పెట్టెలా కనిపిస్తే భయపడి జాగ్రత్తగా పట్టుకుంటారు."

"కనవడుతది సరే. ఆగుతదా?"

"కనిపిస్తే చాలన్నా."

చూశారా తెలివి. రెండు రోజులు కూర్చుని థర్మాకోల్ పెట్టె చేశాను. బూడిదరంగు పూశాను, మేకుల తలలు దించాను, అంచుల్లో తుప్పు మరకలు వేశాను. అంతటితో ఊరుకోక ముందువైపు తాళంకప్ప కూడా గీశాను. మాస్టారి ప్రాణం పన్నెండో భాగంలో ఉంది కాబట్టి దాన్ని అన్నిటికన్నా పైన, ముఖచిత్రం గీసుకుపోకుండా బోర్లా పెట్టాను.

యూసుఫ్‌గూడ కొరియర్ ఆఫీసులో కౌంటర్ దగ్గరున్న అక్క ఆ పెట్టెని చూసి కొంగు బిగించి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. పెట్టె ఆవిడ తల దాటి పైకి లేచింది. ఆవిడ రెండడుగులు వెనక్కి తూలింది.

"ఏంది తమ్మీ, గింత అల్కగున్నది? ఇనుప పెట్టెనేనా?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ నా పనితనానికి మోసపోయిన మొట్టమొదటి మనిషి ఎదురుగా నిలబడితే నోరెలా వస్తుంది చెప్పండి?

"కొత్తరకం ఇనుమక్కా," అన్నాను.

"అట్లనా. అయితే కిందేస్త తియ్. దీనికేం గాదు," అని దానిమీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో 'ఇనుము' అని రాసింది. నేను పక్కనే నిలబడి మురిసిపోయాను.

నాలుగో రోజున ఫోన్ మోగింది.

"బాబూ, పెట్టె వచ్చిందండి. అందులో ఒక చెప్పు కూడా ఉంది. మీరే పంపారా?"

"చెప్పా?"

"ఎడమకాలిదండి. మగవాళ్ళది."

తర్వాత తెలిసిందేమిటంటే, తణుకు ఆఫీసులో పై అరలోంచి సరుకు దించడానికి స్టూలు కనిపించక, ఇనుప పెట్టె కదా అని ఒకాయన నా పెట్టె ఎక్కాడట. మోకాలిదాకా దిగబడ్డాడు. కాలు బయటికొచ్చింది, చెప్పు రాలేదు.

"పుస్తకాలెలా ఉన్నాయి మాస్టారూ?"

"పదకొండు బాగానే ఉన్నాయండి. పన్నెండో దాంట్లో ఆఖరి రెండు పేజీలు పీలికలైపోయాయి." ఆయన గొంతు బాగా తగ్గింది. "ఇన్నేళ్ళు ఆగానండి. పోనీలెండి, ఆ చివర ఏమైందో మీ నోటితోనే చెప్పండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడైనా నిజం చెప్పొచ్చా? చెప్పొచ్చు. కానీ ఫిల్మ్‌నగర్‌లో టీ కొట్టుకి వెళ్ళినా ఎవరో ఒకరు కథ చెబుతారు, ఆ గాలి నాకూ సోకింది. అరగంట చెప్పాను. మొసలి కడుపులో మెరుపు మెరిసింది. రాకుమారుడి మెడలో తల్లి ఇచ్చిన తాయెత్తు చూసి మొసలి బావురుమంది. అది శాపం తగిలిన మేనమామ అని తేలింది. ఉరుములూ శంఖాలూ నోటితోనే మోగించాను. యాదగిరన్న కుంచె పక్కన పెట్టి మరీ విన్నాడు.

మాస్టారు చివరిదాకా విన్నారు.

"బాగుందండి. కానీ మొసలి నోట్లోంచి పన్నెండో భాగం రెండో పేజీలోనే వచ్చేశాడు. ఆ పేజీ చిరగలేదు, నేను చదివేశాను. నేనడిగింది ఆఖరి పేజీల సంగతి."

నా నోట్లో ఉరుములు ఆగిపోయాయి.

"మాస్టారూ, నేనా పుస్తకం చదవలేదండి, బొమ్మలే చూశాను. ఆ పెట్టె కూడా థర్మాకోల్‌దండి."

"పెట్టె సంగతి చెప్పు చూసినప్పుడే తెలిసిందండి," అన్నారాయన. "బొమ్మలు వేస్తారు కదా. ఆ రెండు పేజీలూ మీరే వేసి పంపండి. కథ నేను చెబుతాను. అంత అవస్థ పడ్డవాడికి మళ్ళీ యుద్ధాలూ పెళ్ళిళ్ళూ ఎందుకండీ. ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకుని, కడుపునిండా అన్నం తిని పడుకోనివ్వండి," అన్నారు.

వారం రోజులు వేశాను. ఈసారి అట్టపెట్టె, లోపల పేపర్లు, పైన టేపు. కట్టినంతసేపూ యాదగిరన్న నా నెత్తిమీదే నిలబడ్డాడు.

"మూలలు నలగలేదండి," అన్నారు మాస్టారు ఫోన్లో. "బొమ్మలు బ్రహ్మాండం. ఒక్కటే అర్థం కాలేదు. ఇంటికొచ్చిన రాకుమారుడికి కుడికాలికే చెప్పు వేశారేంటండీ?"

"రెండోది మీ దగ్గరే ఉంది కదా మాస్టారూ."

ఆయన చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక స్నానం చేసి, తూర్పు తిరిగి, ఆ ఎడమ చెప్పు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో అట్టపెట్టెని అట్టపెట్టెలాగే పంపుతాను.