నేను చదవని నా పుస్తకం

శుక్రవారం వైజాగ్ షిప్. సోమవారం నాటికి నా సంచిలో రెండు చీరలు, వాంతుల మాత్రలు తప్ప ఏమీ లేవు. సర్దడానికి చేతులు రావడం లేదు. వైజాగ్, విజయనగరం, శ్రీకాకుళం, కాకినాడ, ఈ నాలుగు ఊళ్ళలో ప్రచురణకర్త నా పుస్తకానికి సభలు పెట్టాడు. ప్రతిచోటా పది నిమిషాలు నేనే పుస్తకంలోంచి చదవాలట. నా భయమంతా ఆ పది నిమిషాల గురించే. నాకు తెలుగు చదవడం సరిగ్గా రాదు.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా అండమాన్‌లో ఇది అంత వింతేమీ కాదు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఇంట్లో తెలుగే, చర్చిలో తెలుగే, బడి మాత్రం హిందీ. క్వయర్‌లో మా తరం వాళ్ళందరం తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకునే పాడతాం. నాన్న కథంతా నేను అలాగే రాశాను, ఆఫీసు నుంచి వచ్చాక, పోర్ట్ బ్లెయిర్‌లోని మా డెలానీపూర్ క్వార్టర్ వంటగదిలో కూర్చుని, మూడు నోట్‌బుక్కుల నిండా. దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాసింది అమ్మ. ఏళ్ళ తరబడి సండే స్కూల్ నడిపిన మనిషి, దస్తూరీ చాలా బాగుంటుంది. ఆ కాగితాలే వైజాగ్ వెళ్ళి పుస్తకమై వచ్చాయి. కూడబలుక్కుంటే నేనూ చదవగలను, కానీ పేజీకి గంట పడుతుంది. నేను రాసిందే కదా, అందులో ఏముందో నాకు తెలియదా అని ఆ గంట ఎప్పుడూ పెట్టలేదు. ఈ సంగతి ప్రచురణకర్తకి చెప్పనూ లేదు, పరువు అడ్డొచ్చింది. పుస్తకం మధ్యలో నా నోట్‌బుక్ కాగితాలు పెట్టుకుని, అవి చూసి గట్టెక్కేద్దామని నా ఉపాయం.

ఆ మధ్యాహ్నం ప్రచురణకర్త మా ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"మేడమ్, అన్ని ఊళ్ళలోనూ చివరి అధ్యాయమే చదవండి. ఆసుపత్రిలో మీరు నాన్నగారికి నీళ్ళు తాగించే చోటు ఉంది చూడండి, అది. పాఠకులంతా అక్కడే కళ్ళు తుడుచుకుంటున్నారు. పుస్తకం చేతిలో పట్టుకుని మీతోపాటే చదువుతారు."

"అలాగేనండి" అని పెట్టేశాను. నేను నాన్నకి నీళ్ళు తాగించలేదు. తాగించానని రాయనూ లేదు. అసలు ఆ ఆసుపత్రి గడప కూడా తొక్కలేదు.

నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న మనిషిని నాన్న గేటు దగ్గర నుంచే తిప్పి పంపేశాడు. మన చర్చి కాదు, మన భాష కాదు అన్నాడు. ఆ కోపంతో, బస్సులో రోజంతా పట్టే డిగ్లీపూర్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని వెళ్ళిపోయాను. ఏడాదిన్నర ఆయనతో మాట్లాడలేదు. మూడేళ్ళ క్రితం, నాన్నకి అస్సలు బాగోలేదు రమ్మని అమ్మ ఫోన్ చేస్తే, ఆయనే పిలవనీ అని బిగుసుకు కూర్చున్నాను. మూడో రోజు నేను పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి చర్చిలో నాన్న శవపెట్టె మూసేస్తున్నారు. నోట్‌బుక్ చివర ఇలా రాశాను: 'బస్సులో సీటు దొరకలేదని అందరికీ చెప్పాను. దొరికింది. నేనే ఎక్కలేదు.' ఆ మూడు వాక్యాలు రాయగలగడానికే మిగతా పుస్తకమంతా రాశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నా కొత్త జాకెట్లకి హుక్కులు కుడుతోంది. చివరి అధ్యాయం ఒకసారి పైకి చదివి వినిపించమన్నాను.

"కళ్ళజోడు కనపడ్డం లేదే" అంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

"పెట్టుకునే ఉన్నావు."

"అచ్ఛా! గొంతు కూడా బాగోలేదు. కల్ పొద్దున్న చదువుతాన్లే."

తేలు కుట్టిన దొంగలా మళ్ళీ హుక్కుల మీదికి వంగిపోయింది. ఇక అడిగి లాభం లేదని వదిలేశాను.

మంగళవారం సెలవు పెట్టి, తెల్లవారుతూనే చివరి అధ్యాయం తెరిచి గుమ్మం మెట్ల మీద కూర్చున్నాను. వరస కింద వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం. పాలవాడు నన్ను చూసి, "దీదీ, ఎగ్జామ్ హై క్యా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎండ మెట్ల మీదికి ఎక్కేసరికి చివరి పేజీ చేరాను. బస్సు లేదు. సీటు లేదు. నేను మొదటి రోజే వచ్చానట. నాన్న తల ఎత్తి పట్టుకుని చెంచాతో నీళ్ళు పోశానట. ఆయన తాగి కళ్ళు మూసుకున్నాడట.

పుస్తకం పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే రాసేను."

"నేను రాలేదు కదమ్మా! చర్చిలో అందరికీ తెలుసు!"

"ఇక్కడ తెలుగు ఎవలు చదువుతారే?"

"అక్కడ చదువుతున్నారు! నేనేదో మంచి కూతుర్నని ఏడుస్తున్నారు. నీ బిడ్డకి చెడ్డపేరు రాకూడదని నా పుస్తకాన్ని అబద్ధం చేసేశావు. నేను షిప్ ఎక్కను. ఇప్పుడే ప్రచురణకర్తకి చెప్పేస్తాను."

ఫోన్ తీశాను. అమ్మ గ్యాస్ కట్టేసింది.

"ఝూట్ కాదే అది. రుక్ జా. ముందు నా మాట విను."

పీట లాక్కుని కూర్చుంది. నా వైపు చూడకుండా చెప్పింది.

"రెండో రోజుకి మీ నాన్నకి కళ్ళు ఆనట్లేదు. గుమ్మంలో ఎవలు అడుగెట్టినా, అమ్మాయేనా అని అడిగేవోడు. కాదు, కాదు అని ఎన్నిసార్లు చెప్పనే? మధ్యాహ్నం నర్స్ దీదీ వస్తే మళ్ళీ అడిగేడు. వచ్చిందయ్యా అనేసేను. చెంచా నేనే పట్టుకుని, ఇదిగో నీ కూతురు తాగిస్తోంది అన్నాను. ఆయన లెక్కలో నువ్వు వచ్చేవు. ఆయనకి తెలిసిందే రాసేను, బస్, అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు తట్టుకోలేవు. పుస్తకంలో ఎట్టేస్తే ఆయన మాటా ఒకటి ఉండిపోద్ది అనుకున్నాను."

కోపం ఇంకా ఉంది, కానీ అది అమ్మ మీద కాదు. మూడు రోజులు బింకంగా కూర్చున్న నా మీద.

ప్రచురణకర్తకి ఫోన్ చేశాను. చివరి అధ్యాయమే చదువుతానని, చదివే ముందు నేను ఆసుపత్రికి వెళ్ళలేదని చెబుతానని, ఆ పేజీ ఎవరు రాశారో, నేను కూడబలుక్కుని ఎందుకు చదువుతున్నానో కూడా చెబుతానని అన్నాను.

"ఆలోచించుకోండి మేడమ్. ఇంతవరకూ ఏడ్చినవాళ్ళే ఎదురుతిరుగుతారు."

"తిరగనివ్వండి" అన్నాను.

సభలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా అని పెన్సిల్ తీసుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. అడగాల్సింది ఒక్కటి మిగిలిపోయింది.

"నాన్న తాగాడా?"

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"వెంటనే ఎక్కడ తాగేడు? మొహం తిప్పేసుకున్నాడు. 'ముందు దానికియ్యి, ఎండలో పడి వచ్చింది' అన్నాడు. నువ్వు తాగేసేవని చెప్పేను. అప్పుడు తాగేడు."