మూడో మలుపు మీద గంజి

రాజమల్లు తాతకు రెండు చెవులున్నాయి. ఒకటి కళ్లజోడు తగిలించుకోవడానికి, రెండోది బీడీ దోపుకోవడానికి. వినడానికి మాత్రం రెండూ పనికిరావు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో సూరత్ రైలెక్కినవాడు, ముప్పై అయిదేళ్లు మరమగ్గాల మధ్య నిలబడి, ఆ టకటకలో వినికిడినంతా కొద్దికొద్దిగా పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరేమన్నా తల ఊపుతాడు. "తాతా, నీ పంచె ఊడిపోయింది" అన్నా తల ఊపి, "అంతా దేవుని దయ" అంటాడని ఇంట్లో ఒక పరాచికం. పరాచికం కాదు, ఒకసారి నిజంగానే అన్నాడు.

మగ్గం మీద పోగు తెగితే పక్కవాడు అరుస్తాడు. ఆ అరుపు వినబడనివాడిని మగ్గాల దగ్గర ఉంచుకోకూడదు. అయినా సేఠ్ హస్ముఖ్‌భాయ్ పాత మనిషిని వదులుకోలేక, సూరత్ శివారు జోల్వాలో తన మగ్గాల షెడ్ల వెనకున్న పన్నెండెకరాల ఖాళీ జాగాకు కాపలా పెట్టాడు. ఆ జాగాలో సేఠ్ కొడుకు ముచ్చటపడి కార్ల పందేలకు మట్టి ట్రాకు వేయించుకున్నాడు. ఏడాదికే ముచ్చట తీరి, కతర్‌గామ్‌లో వజ్రాల సాన పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ట్రాకు మిగిలింది. దాని మీద ఆదివారాలు కార్లు తిప్పే ఒక క్లబ్బు మిగిలింది. వాళ్లందరికీ గేటు తీసే తాత, గేటు పక్కన రేకుల గది, ఆ గదిలో చీరలకు మెరుపు రాళ్లు అతికించుకునే అతని భార్య లలితమ్మ.

"ఎవరయ్యా వీళ్లు? ఉద్యోగమా సద్యోగమా?" అని మొదటి ఆదివారం లలితమ్మ చేతులు తిప్పుతూ అడిగింది.

"అమెచ్యూర్లట. అంటే సొంత పైసలతోని సొంత కారు పలగ్గొట్టుకునేటోళ్లు" అని తాత వివరించాడు. క్లబ్బులో ఎవరూ ఇంతకంటే బాగా చెప్పలేరు.

ఆ ట్రాకు దగ్గరే తాతకు ఒక వింత తెలిసింది. కారు దగ్గరికి వచ్చేసరికి శబ్దం అరికాళ్లలోంచి పైకి ఎక్కి కడుపులో మోగేది. మనుషుల మాట వినబడనివాడికి ఇంజను మాట తెలిసిపోయేది. ఒక ఆదివారం ఒక డాక్టరు కారుకు అడ్డంగా వెళ్లి చేతులు చాపాడు. "సారూ, మీ గుర్రం మూడు కాళ్ల మీద ఉరుకుతాంది" అన్నాడు. డాక్టరు తిట్టబోయి బానెట్ ఎత్తి చూస్తే నాలుగు ప్లగ్గుల్లో ఒకటి చచ్చి ఉంది. ఆ రోజు నుంచి తాతకు క్లబ్బులో గౌరవం పెరిగింది, ఇంట్లో గర్వం పెరిగింది.

"నేను గంటసేపు మొత్తుకుంటే వినబడది. ఎవని కారో దగ్గితే వినబడుతది" అని లలితమ్మ రాళ్ల పళ్లెం విసురుగా జరిపేది. తాత తల ఊపేవాడు.

క్లబ్బు కార్యదర్శి కౌండిన్య. రాజమండ్రి అబ్బాయి, హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. తాతతో అరవడం దండగని తెలుసుకుని, ఫోన్‌లో చింతగింజలంత అక్షరాలు కొట్టి చూపించేవాడు. తాత మూడో తరగతి చదువుతో ఒక్కొక్క అక్షరాన్ని వేలితో తోసుకుంటూ చదివేవాడు. జనవరిలో ఒక రోజు అలాగే చూపించాడు. "అమెచ్యూర్ల జాతీయ పోటీలు. జూన్ మొదటి వారం. మూడు ట్రాకులు చూస్తారు. ఒకటి ఎంచుకుంటారు. మనది కూడా ఉంది."

తాత రెండుసార్లు చదివాడు. "వస్తే?"

"అయిదేళ్లు ఇక్కడే. హస్ముఖ్‌భాయ్ ఒప్పుకున్నారు. ఒప్పంద పత్రం రాసి ఇస్తారు."

"రాకుంటే?"

కౌండిన్య ఫోన్ దించాడు. రోడ్డు వైపు చూశాడు. రోడ్డుకు అవతల కొత్తగా లేచిన బట్టల గోదాములు వరసగా ఉన్నాయి. ఇవతలి జాగా కోసం కూడా ఆ గోదాముల వాళ్లు సేఠ్ చుట్టూ తిరుగుతున్నారని జోల్వాలో అందరికీ తెలుసు. గోదాములొస్తే ట్రాకు పోతుంది, గది పోతుంది. అరవై ఆరేళ్ల చెవిటివాడికి సూరత్‌లో మరొకరు పని ఇవ్వరు.

ఆ రోజు నుంచి తాతకు అన్నం సహించలేదు. పోటీలు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి మార్కులు వేస్తారట. ఇంతమంది కూర్చోవడానికి చోటు, ఆసుపత్రి ఎంత దూరం, నీళ్లు, దారి, అన్నిటికీ మార్కులు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు దుమ్ముకట. పోయిన ఏడాది పోటీలు జరిగిన చోట దుమ్ము లేచి ముందు కారు కనబడక, వెనక కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయట.

దుమ్ము అనగానే తాత ముఖం వెలిగింది. ఎందుకంటే దుమ్ముకు తాత దగ్గర మందుంది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారానికి జిగురు పట్టిస్తారు. ఇక్కడ అందరూ దాన్ని సైజింగ్ అంటారు. మన పద్మశాలీలకు మాత్రం అది ఎప్పటికీ గంజే. గంజి పట్టిన దారం పీచు లేవకుండా బిగుసుకుంటుంది. దారానికి పనికొచ్చింది మట్టికి ఎందుకు పనికిరాదని తాత ఆరేళ్ల కిందట ఒక ప్రయోగం చేశాడు. పక్క షెడ్డులో మిగిలి పారబోసే జిగురును డ్రమ్ముల్లో తెచ్చి, ట్యాంకరు నీళ్లలో పలచగా కలిపి, శనివారం సాయంత్రం ట్రాకు మీద చల్లాడు. తెల్లారేసరికి ట్రాకు మీది మొరం మట్టి అప్పడంలా బిగిసింది. ఆదివారం కార్లు తిరిగితే చిటికెడు దుమ్ము లేవలేదు. క్లబ్బువాళ్లు జోల్వా మట్టిని మెచ్చుకున్నారు. తాత ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. ఏ నేతగాడు తన గంజి పాళ్లు బయటపెడతాడు?

వానాకాలం ట్రాకు మూసేస్తారు. మొదటి వానలకే ఆ జిగురంతా కొట్టుకుపోయేది. అందుకే గంజి పట్టిన ట్రాకు తడిస్తే ఎలా ఉంటుందో ఈ ఆరేళ్లలో ఏ కారుకూ తెలియదు. తాతకు తెలుసు. ఒకసారి చల్లుతూ చల్లుతూ కాలు జారి, నడుము పట్టేసి వారం రోజులు లేవలేదు. లలితమ్మకు మాత్రం మెట్లు దిగుతుంటే పడ్డానని చెప్పాడు. ఆ రేకుల గదికి మెట్లే లేవు.

ఫిబ్రవరిలో పరిశీలకులు వస్తారనగా తాత పని మొదలుపెట్టాడు. ఎప్పుడూ పట్టించేది పలచటి గంజి, ఒకే పూత. పెళ్లి చీరకు పడుగు తీసేటప్పుడు మాత్రం చిక్కగా పట్టించేవాళ్లని తాతకు గుర్తు. ఇది పెళ్లి కంటే పెద్దదాయె. ట్రాకంతా చిక్కగా రెండు పూతలు పట్టించాడు. దుమ్మంతా మూడో మలుపు దగ్గరే లేస్తుంది కాబట్టి అక్కడ నాలుగు.

"గంత గంజి ఎందుకయ్యా? ఉతికిన ధోవతిలెక్క నిలబెడతవా ఏంది దాన్ని?" అంది లలితమ్మ.

"నిలబెట్టాల్నే. అది నిలబడితేనే మనం నిలబడతం" అన్నాడు తాత. ఈ ఒక్క మాట ఎలా వినబడిందో!

పూణే నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆమె వెంట ఇద్దరు. పెద్ద టోపీ, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. ముందు కౌండిన్య, ఇంకా ఇద్దరు క్లబ్బువాళ్లు కార్లు తిప్పి చూపించారు. మూడు కార్లు ఒకదాని వెనక ఒకటి మూడో మలుపు తిరిగాయి. దుమ్ము లేదు. మేడమ్ నమ్మలేక వంగి, నేలను గోటితో గీరి చూసింది.

"క్యా బాత్ హై! ఇదేం మట్టి?"

"మా జోల్వా మట్టే అంత, బెన్" అని హస్ముఖ్‌భాయ్ బొజ్జ నిమురుకున్నాడు, ఆ మట్టిని తనే పిసికి చేసినట్టు. మేడమ్ ఏదో రాసింది. రాస్తూ నవ్వింది. తాత దూరం నుంచి ఆ నవ్వు చూసి, మిగిలిన ఆరు పళ్లూ బయటపెట్టాడు.

అప్పుడు గేటులోంచి నీళ్ల ట్యాంకరు వచ్చింది.

దాన్ని తాత పిలవలేదు. పరిశీలకులే బయట నుంచి తెప్పించారు. జూన్‌లో జరిగే పోటీలు కాబట్టి, చినుకులు పడితే కార్లు ఎలా నడుస్తాయో కూడా చూస్తారట. ఆ సంగతి ఎవరో తాతకు పొద్దునే చెప్పారు. తాత తల ఊపాడు.

ట్యాంకరు మూడో మలుపు వైపు నీళ్లు చిమ్ముకుంటూ పోతుంటే తాతకు తను కాలు జారి పడిన రోజు గుర్తొచ్చింది. కౌండిన్య హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. తాత అతని కారు వైపు పది అడుగులు వేశాడు. నోరు తెరిచాడు. వెనక మేడమ్, సేఠ్ ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. ఇప్పుడు చెబితే ఆ నవ్వు పోతుంది. రాసిన మార్కులు కొట్టేస్తారు. పిల్లగాడు నెమ్మదిగానే తిప్పుతాడేమో. ఎండకు కొంచెం ఆరుతుందేమో. నాలుగు పూతల కింద మొరం ఉంది కదా, అదే పట్టుకుంటుందేమో.

కౌండిన్య అద్దంలోంచి చూసి బొటనవేలు ఎత్తాడు.

తాత కూడా ఎత్తాడు.

కారు మొదటి మలుపు, రెండో మలుపు బాగానే తిరిగింది. మూడో మలుపు దగ్గర తిరగలేదు. బెండకాయ జిగట మీద గ్లాసు జారినట్టు, ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు అడ్డంగా జారి, పాత టైర్ల వరసను తన్ని, వాటి మీంచి లేచి, పక్కకు పడింది. తాత అరికాళ్లలో మోగుతున్నది ఒక్కసారిగా ఆగిపోయింది.

కౌండిన్యకు మెడ కింది ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. ప్రాణానికి ఏం భయం లేదన్నారు. మేడమ్ సాయంత్రం వెళ్తూ సేఠ్‌కు చెప్పిన మాట ఒక్కటే. ఈ మట్టికి తడిలో పట్టు లేదు.

మట్టికి! పాపం, ఆ మట్టి ఏం చేసింది?

తాత రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు లలితమ్మ కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. చెవి దగ్గరికి వచ్చి అరవలేదు. పెదాలు మాత్రం కదిపింది. తాతకు ఆమె పెదాలు చదవడం వచ్చు, రాదని బుకాయిస్తాడు గానీ.

"ఆ పిలగానికి చెప్పిరా పో. చెప్పకుంటే ఈ బుక్క నీకు దిగది, నాకు దిగది."

ఆసుపత్రిలో కౌండిన్య కుడి చేయి గుండెకు కట్టేసి ఉంది. తాత మంచం పట్టె పట్టుకుని నిలబడి, గంజి సంగతి మొదటి పూత నుంచి నాలుగో పూత దాకా చెప్పాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వార్డంతా విన్నది. ఇద్దరు నర్సులు కూడా నిలబడి విన్నారు.

కౌండిన్య ఎడమ చేత్తో మెల్లగా కొట్టి చూపించాడు. "ట్యాంకరు వచ్చినప్పుడు నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మీరు నడుపకపోదురు సారూ."

కౌండిన్య ఎడమ చేత్తోనే మేడమ్‌కు ఫోన్ చేశాడు. గంజి సంగతంతా చెప్పాడు. చాలాసేపు మాట్లాడాడు. బతిమాలినట్టే ఉంది ముఖం. తాత ఆ పెదాల మీంచి కళ్లు తీయలేదు గానీ, హిందీ పెదాలు చదవడం అతనికి రాదు. చివరికి ఫోన్ తిప్పి చూపించాడు. "ఇండోర్ దగ్గరి ట్రాకుకు ఇచ్చేశారట."

"గంత సేపు మాట్లాడి గింతేనా అన్నది?"

"అంతే."

"సారూ, దాచకుండ్రి. నా లెక్క చెయ్యకుండ్రి."

కౌండిన్య మళ్లీ కొట్టాడు. ఒక్కో అక్షరానికి ఆగాడు. "మట్టిదే తప్పయితే మార్చుకొని మళ్లీ పిలవమనేదాన్ని. తెలిసి కూడా కారును పంపిన చోటికి నా పిల్లల్ని ఎలా పంపను? అన్నారు."

తాత వేలితో అక్షరాలు తోసుకుంటూ చదివాడు. పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి తల ఊపలేదు.

హస్ముఖ్‌భాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "కాకా, నువ్వు మంచికే చేశావు" అని భుజం తట్టి, హోలీ అయ్యేదాకా గదిలో ఉండమన్నాడు. క్లబ్బు డుమస్ వైపు ఎక్కడో జాగా వెతుక్కుంటోందని, దొరకలేదని, కొందరు కార్లు అమ్ముకున్నారని తర్వాత తెలిసింది.

హోలీకి వారం ముందు గోదాముల వాళ్లు కొలతలకు వచ్చారు. ఇద్దరే వచ్చారు. పొడుగాటి టేపు కొస పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చి తాతను పిలిచారు. తాత చెప్పులు విడిచి వెళ్లి, వాళ్లు చూపించిన చోట కొస పట్టుకుని నిలబడ్డాడు. అది మూడో మలుపు లోపలి అంచు. అవతలివాడు టేపు లాక్కుంటూ గేటు దాకా పోయాడు. అంకె రాసుకున్నాడు.

"ఛోడ్ దో, కాకా!" అని అరిచాడు.

తాత వదల్లేదు.

"ఛోడో, ఛోడో!" అని ఇద్దరూ చేతులు ఊపారు. టేపు బిగిసింది. అవతలివాడు విసుగ్గా ఒక గుంజు గుంజాడు. ఆ ఇనప టేపు అంచు తాత అరచేతిని కోసుకుంటూ లోపలికి ఇంకాస్త దిగింది. వినబడలేదేమోనని వాళ్లనుకున్నారు. చేతులు ఊపడం కనబడలేదని మాత్రం అనుకోవడానికి లేదు.

లలితమ్మ గది ముందు నుంచి చూసి, చేతిలో చీర పక్కన పెట్టి, ట్రాకు మీదుగా అడ్డంగా నడిచొచ్చింది. అతని ముందు నిలబడి, పిడికిలిని ఒక్కొక్క వేలుగా విప్పింది. టేపు సర్రున జారిపోయింది. కొంగు చింపి చేతికి కట్టు కట్టింది. గేటు దగ్గరివాడు రెండో వైపు చూపించి రమ్మని సైగ చేశాడు.

"ఇంకో దిక్కు కూడ కొలవాల్నట" అన్నాడు తాత, "నన్నే పట్టుకొమ్మన్నరు." కట్టు కట్టిన చెయ్యి కాదని, రెండో చెయ్యి చాపుకుంటూ గేటు వైపు నడిచాడు.