పెద్దకోడలు పంపిన రద్దు కబురు

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ గోడమీద మా ఆయన ఫోటో చూసి ఆయన సంగతులు అడుగుతారు. పక్కనే ఉన్న పెద్దకోడలి ఫోటో మీ కళ్లకి ఆనదా? ఈవిడేం చేసేదని ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు. అడక్కపోయినా చెప్తాను, కూర్చోండి.

మా పెద్దాడైతే కంప్యూటరు పని అనేవాడు, అక్కడికి అంతా చెప్పేసినట్టు. ఆసుపత్రి నుంచి రోగుల ఫోన్లకి కబుర్లు వస్తాయి చూశారూ, ఆపరేషన్ ఫలానా టైముకనీ, రద్దయిందనీ, అవి సరిగ్గా వెళ్తున్నాయో లేదో పరీక్షించే పని దానిది. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ప్రతిసారీ ఆ కబుర్లు పంపే సర్వర్ అడ్రసంతా కొట్టలేక దానికో పేరు పెట్టుకునేది. ఆ పేరు కింద ఉత్తుత్తి అడ్రసు పెడితే కబురు పరీక్ష కోసం పెట్టుకున్న ఉత్తుత్తి రోగులకి పోతుంది, అసలుది పెడితే అసలు రోగులకే పోతుంది. పైకి కనిపించేది మాత్రం ఆ పేరొక్కటే. ఒక తెరలో ఏది పెడితే, ఆ తెర మూసేదాకా అదే. అసలు అడ్రసు పెట్టిన తెరని పనవగానే మూసెయ్యమని ఆఫీసు వాళ్లు మొత్తుకునేవాళ్లట. వింటేగా! డబ్బా మూత పెట్టదు, బీరువా తలుపు వెయ్యదు, తెర మూస్తుందా?

అది నా పిత్తాశయంలో రాళ్లు తియ్యాల్సిన రోజు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఇంతలో ఫోనుకి కబురొచ్చింది, ఈ రోజు ఆపరేషన్ రద్దని. పీడా పోయిందని అరటిపండు ఒలిచాను. సగం తిన్నానో లేదో, ఆ రోజు నాకోసమని ఇంటినుంచే పని చేస్తున్న కోడలు వంటింట్లోకి వచ్చింది.

“అదేంటత్తయ్యా, ఏమీ తినకూడదన్నారుగా.”

“రద్దట. మీ ఆసుపత్రే చెప్పింది.”

నా ఫోను లాక్కుని చదివింది. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అది తను అప్పుడే, ఉత్తుత్తి రోగులకే కదా అని కొట్టిన రద్దు కబురు. పొద్దున ఎవరికో కబురందలేదంటే చూడ్డానికి అసలు అడ్రసు పెట్టింది, మూయలేదు, మళ్లీ ఆ తెరలోనే కొట్టింది. ఆ రోజు ఆపరేషన్ ఉన్నవాళ్లంతా నాలాగే తినేస్తే ఒక్కరికీ చెయ్యడం కుదరదు.

రద్దు కాలేదని ఇంకో కబురు పంపి ఊరుకోవచ్చుగా అన్నాడు మా పెద్దాడు. పంపింది, పంపి ఊరుకోలేదు. కంచం ముందు కూర్చున్నవాడు ఫోను చూస్తాడా అని తనే ఒక్కొక్కరికీ ఫోను చేసింది. కడుపునిండా తిట్లు తింది. రద్దంటావు, కాదంటావు, నీకు ఆటగా ఉందా అని ఒక ముసలాయన ఎగిరిపడ్డాడు.

“తప్పు నాదేనండీ తాతగారూ. నోట్లో పెట్టుకోకండి, అదొక్కటే.”

అందరూ ఆగారు, నేను తప్ప. నా రాళ్లు ఇంకో వారం నాతోనే ఉన్నాయి.

సాయంత్రం పై ఆఫీసరు, తప్పు మిషనుదని రాసిమ్మన్నాడట. ఈ మహాతల్లి తెర నేనే మూయలేదండీ అని చెప్పి వచ్చింది. ఉద్యోగం పోతుందే అని నేను నెత్తి బాదుకున్నాను.

“మిషను మీదకి తోసేస్తే రేపు ఇంకొకరు ఇలాగే కొడతారత్తయ్యా” అంది, నేనేదో తెలివితక్కువదాన్నయినట్టు.

ఉద్యోగం పోలేదు, వచ్చిన ప్రమోషన్ పోయింది. ఆ తర్వాత అసలు రోగులకి ఏం పంపబోయినా, అడ్రసంతా మళ్లీ చేత్తో కొడితే గానీ కదలకుండా పట్టుబట్టి మార్పించింది. అక్కడివాళ్లు ఇప్పటికీ విసుక్కుంటూనే కొడుతున్నారట.

యాభై మూడేళ్లకి పోయింది.